లైను అంటే ఏమిటి?

పిల్లలూ, పొద్దున లేచినది మొదలు ఇప్పటిదాకా మీ ఇంట్లో "లైను" అనే మాట ఎన్నిసార్లు వినపడిందో ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. మా హైదరాబాదు పాతబస్తీలో అయితే తెల్లవారకముందే మొదలవుతుంది. నల్లాలో నీళ్ళు రాకపోతే, "మెయిను లైనులోనే వస్తలేవట" అని పొరుగింటావిడ కబురు చెబుతుంది. కరెంటు పోతే "లైను పోయింది" అంటారు. రేషను దుకాణం ముందు లైను. అత్తయ్యకు ఫోను చేయబోతే లైను కలవదు. బడికి పోగానే డ్రిల్లు మాస్టరు "లైనులో నిలబడండి" అని ఈల వేస్తాడు. కాపీ పుస్తకం కొనబోతే దుకాణదారు "సింగిల్ లైనా, నాలుగు లైన్లదా?" అని అడుగుతాడు. సాయంత్రం ఇంటికి వచ్చిన చుట్టం మీ అన్నయ్యను చూసి, "ఏ లైనులోకి పోతావు బాబూ, డాక్టరా, ఇంజనీరా?" అంటాడు.

ఇన్ని లైన్లు విన్న మీరే, ఇంగ్లీషు పాఠం చివర ఉండే కఠిన పదాల పట్టికలో "లైన్: గీత" అని చదివి, పదిసార్లు రాసి, ఇక ఆ మాట వచ్చేసిందని పుస్తకం మూసేస్తారు. మరి నల్లా నీళ్ళు గీతలో వస్తాయా? మీ అన్నయ్య గీతలోకి పోయి డాక్టరవుతాడా?

నేను 30 ఏళ్ళకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పి, శాలిబండ వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడుగా విరమించినవాణ్ణి. ఇంగ్లీషులో చిన్న మాటలే పెద్ద చిక్కులు తెస్తాయని నా అనుభవం. బారెడు పొడుగు మాటకు సాధారణంగా ఒకటే అర్థం ఉంటుంది. దానితో పేచీ లేదు. మూడక్షరాల మాటలతోనే తంటా. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువును తిరగరాస్తున్నవారు "రన్" అనే ఒక్క క్రియకు 645 అర్థాలు తేల్చారని 2011లో పత్రికల్లో వచ్చింది. "లైన్" అంత దూరం పోలేదు కాని, అది కూడా తక్కువ తిన్నది కాదు.

అసలు ఈ మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం. లాటిను భాషలో "లీనుమ్" అంటే అవిసె మొక్క. అవిసె అంటే మనం పువ్వులు కూర వండుకునే అవిసె చెట్టు కాదు సుమా! అది వేరు. ఇది నీలం పూలు పూసే చిన్న మొక్క. దీని గింజలనే అవిసె గింజలని కిరాణా కొట్లో అమ్ముతారు. (చూశారా, తెలుగు మాట కూడా ఒకే పేరుతో రెండు మొక్కలను పిలుస్తున్నది.) ఈ మొక్క కాడలోని నారతో పూర్వం దారాలు వడికేవారు. ఆ నారతో నేసిన బట్ట లినెను. ఆ నారదారమే లాటినులో "లీనియా", ఇంగ్లీషులో "లైన్" అయింది.

మీ అమ్మ జాకెట్టు కుట్టించేటప్పుడు "లైనింగు వేయాలా?" అని దర్జీ అడుగుతాడు గదా, ఆ లైనింగు కూడా ఈ ఇంటి బిడ్డే. కోటు లోపల పూర్వం లినెను బట్ట వేసి కుట్టేవారు కనుక దానికి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు లోపల నూలు బట్ట వేసినా, నైలాను వేసినా పేరు మాత్రం మారలేదు.

దారం కాస్తా గీత ఎలా అయింది? ఇల్లు కట్టే తాపీమేస్త్రీని అడగండి. గోడ తిన్నగా రావాలంటే అతడు ముందు రెండు మేకులు కొట్టి, వాటి మధ్య దారం లాగి కడతాడు. దారానికి ఇనుప గుండు వేలాడదీసి, గోడ నిలువుగా లేస్తున్నదో లేదో చూస్తాడు. లాగి పట్టిన దారం కంటే తిన్నని గీత ఏమున్నది? దారాన్ని చూసి గీతకు ఆ పేరు పెట్టారు. గీత మీద నిలబడిన మనుషుల వరుసకు ఆ పేరు పెట్టారు. కాగితం మీద వరుసగా వచ్చే అక్షరాలకూ, ఇనుప పట్టాలకూ, తీగలకూ, గొట్టాలకూ అదే పేరు. తండ్రి, కొడుకు, మనుమడు ఇలా దారంలాగా సాగే వంశానికి కూడా అదే. 1724 నుంచి 1948 వరకు హైదరాబాదు నేలిన ఆసఫ్‌జాహీ నవాబులను ఇంగ్లీషు చరిత్రకారులు ఒక "లైన్" అనే అంటారు.

మన సంగతి మాత్రం తక్కువా? సంస్కృతంలో "సూత్రం" అంటే దారమే. మంగళసూత్రంలో ఉన్నది ఆ దారమే. లెక్కల మాస్టరు బల్ల మీద రాసే సూత్రం కూడా ఆ మాటే. నాటకంలో సూత్రధారుడు వచ్చి నిలబడేదీ ఆ దారం పేరు మీదనే. ఇక తెలుగులో "వరుస" ఉన్నది. బడిలో పిల్లలు నిలబడేది వరుస, మీ మేనత్త కొడుకు మీకు బావ కావడం కూడా వరుసే. ఇంగ్లీషువాడు దారం పట్టుకుని గీతకూ వంశానికీ పోయినట్టే, మనం వరుస పట్టుకుని బంధుత్వానికి పోయాం. ఇద్దరూ ఒకరి నొకరు అడిగి చేసిన పని కాదు.

ఒక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. ఇంగ్లండులో మనుషుల వరుసను "క్యూ" అంటారు. అమెరికాలో "లైన్" అంటారు. ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారికి బోనాలు తెచ్చే ఆడవాళ్ళ కోసం కర్రలు కట్టి "క్యూ లైను" అని బోర్డు పెడతారు. ఇంగ్లండునూ, అమెరికానూ ఒకే బోర్డు మీద కూర్చోబెట్టినవాళ్ళం మనమే!

ఇప్పుడు అసలు కథకు వస్తాను. ఇది జరిగి 20 ఏళ్ళు దాటింది.

ఒకనాడు మా బడికి ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. ఆయన ఏడో తరగతిలోకి వెళ్ళి, ఇంగ్లీషు వాచకం తెరిచి, "లైన్ అంటే ఏమిటి?" అని అడిగాడు. మూడో బల్ల మీద కూర్చున్న ఒక అమ్మాయి లేచి, ఏమాత్రం తడుముకోకుండా, "కరెంటు, సార్" అన్నది. ఆయన నవ్వాడు. ఆయన నవ్వితే తరగతి అంతా నవ్వింది. "కరెంటు అంటే ఎలక్ట్రిసిటీ. లైన్ అంటే గీత. కూర్చో" అని ఆయన రెండో ప్రశ్న వేసుకున్నాడు.

ఆ అమ్మాయి ఊరికే కూర్చోలేదు. మర్నాటి నుంచి చివరి బల్లకు మారింది. ఇంగ్లీషు పీరియడులో చెయ్యి ఎత్తడం మానేసింది. నెల పరీక్షలో ఇంగ్లీషు కాగితం తెల్లగా ఇచ్చివచ్చింది. పిల్లలు ఆమెను "కరెంటు, కరెంటు" అని పిలుస్తున్నారని తరువాత తెలిసింది. రెండు వారాలు గడిచాక ఆమె తల్లి బడికి వచ్చి, "సారూ, దీనికి ఇంగ్లీషు రాదంట. ఇంట్ల కూసోని కుట్టుపని నేర్సుకుంట అంటున్నది. పేరు తీసేయమంటరా?" అన్నది. ఏడో తరగతి పిల్ల! ఒక మాట దగ్గర ఆ పిల్ల చదువు తెగిపోయేట్టున్నది.

నేను తండ్రిని పంపమన్నాను. అతడు సాయంత్రం వచ్చాడు. చేతిలో రబ్బరు తొడుగులు, నడుముకు బెల్టు. అతడు లైన్‌మన్. స్తంభాలెక్కి తీగలు సరిచేసే ఉద్యోగం. అప్పుడు నాకు పిల్ల జవాబు ఎక్కడనుంచి వచ్చిందో తెలిసింది. ఆ యింట్లో "లైను" అంటే కరెంటే. "నాన్న లైను మీద ఉన్నాడు" అంటే ఆ పిల్లకూ, ఆ తల్లికీ గుండె కొట్టుకునే మాట అది.

కుర్చీ చూపించి, పని ఎలా ఉంటుందో చెప్పమన్నాను. అతడు చెప్పిన మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నవి. "సార్, మాకు అన్నిటికన్న పెద్ద మాట 'లైన్ క్లియర్'. ఎల్.సి. అంటం. అది చేతికి రానిది స్తంభం మీద కాలు పెట్టం" అన్నాడు.

ఆ ఎల్.సి. ఏమిటో మీకూ చెబుతాను, శ్రద్ధగా వినండి. మీ వీధిలోని ట్రాన్స్‌ఫార్మరుకు వచ్చే పెద్ద తీగలలో 11,000 వోల్టుల కరెంటు ఉంటుంది. మీ ఇంటి బల్బుకు కావలసినది 230 వోల్టులు మాత్రమే. ఆ పెద్ద తీగ మీద పని చేయాలంటే, లైన్‌మన్ ముందు సబ్‌స్టేషనుకు ఫోను చేసి, ఫలానా లైను మీద నాకు లైన్ క్లియర్ కావాలని అడుగుతాడు. అక్కడి ఆపరేటరు ఆ లైనుకు కరెంటు ఆపి, అడిగినవాని పేరు, టైము పుస్తకంలో రాసి, ఇచ్చానని చెబుతాడు. అయినా లైన్‌మన్ వెంటనే ఎక్కకూడదు. తాను పనిచేసే చోట స్విచ్చి కూడా తీసి, తీగలో కరెంటు లేదని చూసుకుని, తీగలను భూమికి కలిపే కడ్డీలు తగిలించి, అప్పుడు ఎక్కాలి. పొరపాటున ఎక్కడినుంచైనా కరెంటు వచ్చినా అది మనిషి గుండా కాక, కడ్డీ గుండా భూమిలోకి పోవాలన్నమాట. పని అయ్యాక మనుషులంతా దిగి, కడ్డీలు తీసి, ఎవరు ఎల్.సి. తీసుకున్నారో వారే దానిని తిరిగి ఇచ్చివేయాలి. అదే లైను మీద ఇద్దరు వేరువేరుగా తీసుకుని ఉంటే, ఇద్దరూ తిరిగి ఇచ్చేదాకా ఆపరేటరు స్విచ్చి ముట్టుకోకూడదు.

కనుక లైన్‌మన్‌కు "లైన్ క్లియర్" అంటే, తీగలో ప్రవాహం ఆగిపోయింది, మనిషి ఎక్కవచ్చు అని అర్థం.

ఇప్పుడు రైలు స్టేషనుకు పోదాం. పాతబస్తీ పిల్లలకు ఇది దూరం కాదు. కాచిగూడ దాటి దక్షిణంగా పోతే మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఆ తరువాత ఫలక్‌నుమా. నా చిన్నప్పుడు ఆ దారిలో మీటరు గేజి బండ్లు నడిచేవి. 1990లలో పట్టాలు మార్చి బ్రాడ్ గేజి చేశారు. రైల్వేవారికి కూడా "లైన్ క్లియర్" అనే మాట ఉన్నది. ఒక స్టేషను మాస్టరు బండిని పంపబోయే ముందు, పై స్టేషను మాస్టరును "లైన్ క్లియర్ ఇస్తారా?" అని అడగాలి. ముందు పోయిన బండి పూర్తిగా వచ్చి చేరింది, పట్టా ఖాళీగా ఉన్నది అని తేల్చుకుని ఆయన "ఇచ్చాను" అంటేనే ఈయన బండిని వదులుతాడు. ఎదురుబొదురు బండ్లకు ఒకే పట్టా ఉన్న మార్గాలలో దీనికి గుర్తుగా ఒక ఇనుప గుండు ఉండేది. రెండు స్టేషన్లలోనూ ఒకదానికొకటి కలిపిన పెట్టెలు ఉండేవి. అవతలి స్టేషను ఒప్పుకుంటేనే ఇవతలి పెట్టె నుంచి గుండు బయటికి వస్తుంది. ఒకటి బయట ఉండగా రెండోది రాదు. ఆ గుండును తోలు సంచిలో వేసి, సంచిని పెద్ద బెత్తపు వలయానికి కట్టి, కదిలే బండిలోని డ్రైవరుకు అందించేవారు. డ్రైవరు చెయ్యి చాపి ఆ వలయాన్ని భుజానికి తగిలించుకుంటుంటే చూడడానికి మేము ప్లాట్‌ఫారం చివర కాచుకు కూర్చునేవాళ్ళం. గుండు చేతిలో ఉంటే, ఎదురుగా మరో బండి రాదని డ్రైవరుకు భరోసా.

అంటే రైల్వేవారికి "లైన్ క్లియర్" అన్నప్పుడు బండి కదులుతుంది. కరెంటువారికి "లైన్ క్లియర్" అన్నప్పుడు కరెంటు ఆగుతుంది. మాటలు అవే రెండు. ఒకచోట "పో" అని, ఒకచోట "ఆగు" అని. రెండుచోట్లా ఆ మాటను తప్పుగా విన్నవాడు ఇల్లు చేరడు.

ఈ సంగతి చెప్పినప్పుడు ఆ లైన్‌మన్ నవ్వలేదు. తనకు జరిగినది చెప్పాడు. వానాకాలంలో ఒక రాత్రి అతడు స్తంభం మీద ఉన్నాడు. పక్క వీధిలో తీగల మీద పడ్డ చెట్టుకొమ్మను ఇంకో జట్టు నరుకుతున్నది. కొమ్మ తీసేశాక, ఆ జట్టులో ఒకాయన సబ్‌స్టేషనుకు ఫోను చేసి, "లైన్ క్లియర్ అయింది" అన్నాడు. తీగల మీద అడ్డం తొలగిపోయిందని ఆయన ఉద్దేశం. కాని పని ముగిసింది, కరెంటు ఇవ్వవచ్చు అని కూడా ఆ మాటను వినవచ్చు గదా! లోపల ఉన్న ఆపరేటరు వయసు మళ్ళినవాడు. అతడు స్విచ్చి వైపు పోలేదు. "ఎవరి పేరు మీది ఎల్.సి.? తీసుకున్నదా, తిరిగి ఇచ్చినదా?" అని అడిగాడు. పుస్తకం చూశాడు. అందులో స్తంభం మీద ఉన్నవాని పేరు ఉన్నది, తిరిగి ఇచ్చిన టైము లేదు. "ఆ ముసలాయన ఆ ఒక్క మాట అడగకుంటే, నేను ఈడ కూసోని మీతోటి మాట్లాడకపోదును, సార్" అన్నాడు లైన్‌మన్.

నేను అతణ్ణి ఆ శుక్రవారం ఇంగ్లీషు పీరియడుకు రమ్మన్నాను. అతడు తొడుగులూ, బెల్టూ, భూమికి కలిపే కడ్డీ తెచ్చి, బల్ల ముందు నిలబడి, నాకు చెప్పినదంతా పిల్లలకు చెప్పాడు. గది నిశ్శబ్దంగా ఉన్నది. అతడు చెప్పడం పూర్తయ్యాక నేను నల్లబల్ల మీద "లైన్" అని రాసి, దాని ఎదురుగా మొదటి అర్థం "కరెంటు తీగ" అని రాసి, చివరి బల్లకేసి చూశాను. ఆ అమ్మాయి తల ఎత్తింది.

"ఇప్పుడు మీ మీ ఇళ్ళలో లైను అంటే ఏమిటో సోమవారానికి కనుక్కుని రండి" అన్నాను. మా బడి పిల్లల తండ్రులు, తల్లులు చేయని పని లేదు. సోమవారం నాటికి నల్లబల్ల చాలలేదు. దర్జీ కొడుకు లైనింగు తెచ్చాడు. ఆటో డ్రైవరు కూతురు, తన నాన్న స్టాండులో తన వంతు కోసం ఆగితే "లైనులో ఉన్నా" అంటాడనీ, రోజూ పోయే దారిని కూడా "నా లైను" అంటాడనీ చెప్పింది. లాడ్‌బజారులో లక్కగాజులకు రాళ్ళు అతికే ఇంటి పిల్లవాడు, గాజు చుట్టూ రాళ్ళ వరుసను తమ ఇంట్లో లైను అంటారని చెప్పాడు. పోలీసు కానిస్టేబులు కొడుకు తాము ఉండే వరుస ఇళ్ళనే "లైన్లు" అంటామన్నాడు. ఛత్తా బజారులో పెళ్ళి కార్డులు అచ్చువేసే ప్రెస్సు ఉన్నాయన మనుమడు ఒక పాత జింకు పలకను తెచ్చాడు. దాని మీద పందిరి, బాజాలు చెక్కి ఉన్నవి. దానిని "లైన్ బ్లాక్" అంటారు. ఉత్త గీతలతో గీసిన బొమ్మలను పూర్వం అలాంటి పలకలతోనే అచ్చు వేసేవారు. మీ తాతగారు దాచుకున్న పాత పిల్లల పత్రికలు ఉంటే తీసి చూడండి, అందులోని నలుపు తెలుపు బొమ్మలు చాలావరకు లైన్ బ్లాకులే.

చివరి బల్ల అమ్మాయి ఏమీ తేలేదు. కాని ఒక ప్రశ్న వేసింది: "సార్, కంటికి కనపడని లైను ఉంటదా?"

ఉంటుంది. దానికి జవాబు చెప్పడానికి నాకు రెండు పీరియడ్లు పట్టింది. మీకు క్లుప్తంగా చెబుతాను. మీ అట్లాసు తీసి చూడండి. చార్మినారు 78 డిగ్రీల 28 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉన్నది. (ఈ నిమిషం గడియారంలోది కాదు, డిగ్రీలో 60వ భాగం.) అంటే 78వ రేఖాంశం చార్మినారుకు పడమరగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉత్తర దక్షిణాలుగా పోతుంది. అక్కడికి వెళ్ళి వెతికితే మీకు జొన్నచేను కనపడుతుందేమో కాని గీత కనపడదు. అయినా ఆ గీత కోసం మనుషులు ప్రాణాలు పెట్టారు. విలియం లాంబ్టన్ అనే ఇంగ్లీషు సైనికాధికారి 1802లో మద్రాసు దగ్గర నేల మీద 12 కిలోమీటర్ల తిన్నని దూరాన్ని ఉక్కు గొలుసుతో కొలిచాడు. దానికి దాదాపు 2 నెలలు పట్టింది. దానిని "బేస్ లైన్" అన్నారు. ఆ ఒక్క లైను పొడవు తెలిస్తే చాలు; రెండు చివరల నుంచి దూరాన ఉన్న ఒక కొండను చూసి కోణాలు కొలిస్తే, త్రిభుజంలో మిగిలిన భుజాల పొడవు లెక్కతో తేలుతుంది. ఆ భుజాన్ని పట్టుకుని ఇంకో త్రిభుజం. ఇలా త్రిభుజం మీద త్రిభుజం అల్లుకుంటూ, 78వ రేఖాంశం వెంబడి కన్యాకుమారి నుంచి హిమాలయాల దాకా 2,400 కిలోమీటర్లు పోయారు. 1818లో హైదరాబాదు వచ్చి లాంబ్టన్‌కు సహాయకుడుగా చేరిన యువకుడు జార్జి ఎవరెస్టు. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో అతడు జ్వరంతో పడ్డాడు. లాంబ్టన్ 1823లో పని మీద ఉండగానే హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. హిమాలయ శిఖరానికి ఎవరెస్టు పేరు పెట్టినది 1865లో.

పిల్లలకు ఆటల లైన్లు కూడా కావాలన్నారు. అందుకు మన ఊళ్ళోనే ఒక ఉపాధ్యాయుడు ఉన్నాడు. సయ్యద్ అబ్దుల్ రహీం పాఠాలు చెప్పుకునే మనిషి. ఫుట్‌బాలు నేర్పడంలో దేశంలోకెల్లా గొప్పవాడయ్యాడు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానానికి వచ్చినదీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చినదీ ఆయన దగ్గర నేర్చుకునే. ఫుట్‌బాలులో ముందు నిలబడి దాడి చేసేవారు "ఫార్వర్డ్ లైన్". బంతి పూర్తిగా గోలు లైను దాటితేనే గోలు. సగం దాటితే లెక్క లేదు. ఇక్కడ లైను అంటే మళ్ళీ సున్నపు గీతే! చుట్టూ తిరిగి అధికారిగారి అర్థం దగ్గరికే వచ్చాం. ఆయన చెప్పినది అబద్ధం కాదు. ఆయనకు తెలిసిన లైను అది.

మిగిలిన వాటిలో కొన్నిటిని గబగబా చెబుతాను. నాటకంలో నటుడు "లైన్లు" మరిచిపోయాడంటే సంభాషణలు మరిచిపోయాడని. స్నేహితుడు "నాకొక లైను రాయి" అని ఇంగ్లీషులో రాస్తే, స్కేలు పెట్టి గీత గీసి పంపకండి, ఉత్తరం రాయమని. "లైన్ల మధ్య చదువు" అంటే, రాయకుండా వదిలిన సంగతి గ్రహించమని. "డెడ్ లైన్" అనే మాట మాత్రం భయంకరమైనది. అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతుండగా 1864లో ఒక ఖైదీల శిబిరంలో గోడకు లోపలగా ఒక కంచె వేసి, దానిని దాటిన ఖైదీని కాల్చివేసేవారు. దాని పేరు డెడ్ లైన్. ఇప్పుడు సంపాదకుడుగారు నాకు ఈ వ్యాసం ఫలానా తేదీకి కావాలని పెట్టిన గడువును కూడా ఆ మాటతోనే పిలుస్తారు. కాల్చరనే ధైర్యంతోనే నేను రెండు రోజులు ఆలస్యం చేశాను.

2020లో బడులు మూసినప్పుడు మా వీధి పిల్లలు ఫోన్ల ముందు కూర్చుని "ఆన్‌లైన్" పాఠాలు విన్నారు. ఆ ఫోనుకు తీగే లేదు. అవిసె నారతో మొదలైన మాట చివరికి దారం లేని దారమైంది!

ఆ అమ్మాయి సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. పేరు తీసేయలేదు. చివరి బల్ల నుంచి రెండో బల్లకు వచ్చింది. "కరెంటు" అనే పేరు మాత్రం పోలేదు. కాని ఇప్పుడు పిలిచేవాళ్ళు వేరే గొంతుతో పిలిచేవారు. పదో తరగతి పాసై వెళ్ళేటప్పుడు ఆమె ఇంగ్లీషు మార్కులు నేను స్వయంగా రిజిస్టరులో ఎక్కించాను. నూటికి 71.

వెళ్ళేముందు తండ్రి కూడా వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి, "సార్, ఒక మాట అడుగుత. పిల్లల పుస్తకంల 'ట్రిప్' అంటే సంతోషంగ ఊరికి పోవుడు అని ఉన్నది. మా సబ్‌స్టేషన్‌ల ట్రిప్ అయిందంటే ఊరంత చీకటి. ఇదెట్ల సార్?" అన్నాడు.

నేను పెట్టెలోంచి సుద్దముక్క తీసుకున్నాను.